ఫుట్‌బాల్ రహీం మాష్టారు

ఫ్రెండ్స్, మన దేశం ఫుట్‌బాల్లో ఆసియా మొత్తం మీద ఫస్టు వచ్చిన రోజులు ఉన్నాయి. ఆ టీమును తయారు చేసింది ఒక బడి మాష్టారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరు హైదరాబాదు.

ఆయన 1909లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ కాలేజీ టీములో బాగా ఆడేవారు. చదువు అయ్యాక టీచరు అయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ స్కూళ్ళలో పనిచేశారు. తర్వాత ఆటలు నేర్పే డిప్లొమా కూడా చదివారు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీముకి కోచ్ అయ్యారు. ఆ టీము 1950 నుండి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన నేర్పే పద్ధతే వేరు. అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలని పోటీలు పెట్టేవారు. కుడికాలి వాళ్ళకి ఎడమకాలు కూడా అలా వచ్చేసేది.

సికింద్రాబాదులో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రాడు ఉండేవాడు. బాగా ఆడతాడు గానీ హైదరాబాదుకి ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేవు. అద్దె సైకిలు మీద రమ్మని మాష్టారు రోజుకి రూపాయి ఇచ్చేవారంట. ఆ కుర్రాడే తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు.

మాష్టారు మన దేశం టీముకి కూడా కోచ్‌గా ఉన్నారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం వచ్చింది. 1952 ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. మాష్టారు నీరసపడిపోలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానం తెచ్చుకున్నాం.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. ఫైనల్లో మళ్ళీ వాళ్ళే వచ్చారు. చూసేవాళ్ళు దాదాపు లక్షమంది, అందరూ మనకి ఎదురే. తలకి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని మాష్టారు వెనక నుండి ముందుకి తెచ్చి ఆడించారు. అతనొక గోలు, పి.కె. బెనర్జీ ఒక గోలు కొట్టారు. 2-1తో గెలిచాం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో ఆ తర్వాత మనకి మళ్ళీ బంగారం రాలేదు.

ఆ గెలుపు తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో, మాష్టారు క్యాన్సర్‌తో చనిపోయారు.

మనలో చాలామంది ఇళ్ళల్లో చదువుకున్నవాళ్ళు లేరు. బడికి వచ్చింది మనమే మొదలు. ఆట రాకపోవడం వేరు, గ్రౌండు దాకా రాలేకపోవడం వేరు. రహీం మాష్టారికి ఆ తేడా తెలుసు. అందుకే నాకు ఆయన కప్పుల కన్నా ఆ రూపాయే గొప్పగా అనిపిస్తుంది.

వార్డెన్ గారికి మా మనవి. ఆదివారం సాయంత్రం ఒక గంట మన మురమళ్ళ గ్రౌండులో బంతి మాకు ఇప్పించండి. ఎడమకాలి పోటీ పెట్టుకుంటాం.

— 9వ తరగతి విద్యార్థిని