ఆరియోమైసిన్ వెనుక తెలుగు శాస్త్రజ్ఞుడు

పుదుచ్చేరి: టెట్రాసైక్లిన్ తరగతి యాంటీబయాటిక్ ఔషధాలలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను లోకానికి అందించిన పరిశోధక బృందానికి సారథ్యం వహించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు.

స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. మద్రాసు వైద్య కళాశాలలో చదివి అమెరికా వెళ్లిన సుబ్బారావు, హార్వర్డ్‌లో జీవరసాయన పరిశోధనలు సాగించి 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. స్ప్రూ చికిత్సకు తోడ్పడే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందమే 1945లో కృత్రిమంగా తయారుచేసింది.

ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వెలికితీసిన ఆరియోమైసిన్ 1948లో వెలుగు చూసింది. పెన్సిలిన్‌కు లొంగని పలు వ్యాధులు దీనికి లొంగాయి. బ్యాక్టీరియాలో ప్రొటీన్ల తయారీని ఆపి, వాటి పెరుగుదలను ఇది అరికడుతుంది. వాటిని తుదముట్టించే భారం ప్రధానంగా శరీరంలోని రోగనిరోధక వ్యవస్థదే. అయితే టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే షిగెల్లా బ్యాక్టీరియా 1953లోనే బయటపడింది. విచక్షణారహితమైన వాడకం ఈ నిరోధకతను పెంచుతోంది.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53వ ఏట, అమెరికాలో మరణించారు. ఆయన బృందం రూపొందించిన మరో ఔషధం డైఇథైల్ కార్బమజైన్‌ను బోదకాలు నివారణకై, 1975లో పుదుచ్చేరిలో నెలకొల్పిన వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ సామూహిక పంపిణీ ప్రయోగాలలో పరీక్షించింది.