భీమవరం నుంచి బోస్టన్ దాకా: ఎల్లాప్రగడ సుబ్బారావు

మన వైజాగ్ జిమ్ముల్లో ఈమధ్య పెప్టైడ్ అనే మాట బాగానే వినిపిస్తోంది. కండ పెరుగుతుందట, తెగిన లిగమెంటు అతుక్కుంటుందట. సీసా మీద మాత్రం పరిశోధన కోసమే అని ఉంటుంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఎల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు (బ్యాక్‌లాగులున్న మిత్రులు గమనించగలరు!). ఇద్దరు సోదరులు స్ప్రూ జబ్బుతో పోయారు. పేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గిపోయే జబ్బు అది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ఎంబీబీఎస్‌కి బదులు ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. ఇంత చేసినా అక్కడ ఉద్యోగం స్థిరపడలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు.

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది. కణం రెండు కావాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలేట్ కావాలి. పేగు పొర, ఎముక మజ్జ నిత్యం కొత్త కణాలు పుట్టే చోట్లు కాబట్టి లోటు ముందు అక్కడే బయటపడుతుంది. స్ప్రూ రోగులు ఈ మందుతో కోలుకున్నారు. సోదరులకి మాత్రం అది అందలేదు.

అసలు కథ ఇక్కడుంది. ఫోలిక్ ఆమ్లంలో గ్లుటామిక్ ఆమ్లం ఒక భాగం. అవి మూడు పెప్టైడ్ బంధాలతో గొలుసు కట్టిన రూపం టెరాప్టెరిన్. ఇలాంటి రూపాల్ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకుంది. పెంచే పదార్థానికి మంచి కణమేదో, చెడ్డ కణమేదో ఏం తెలుసు? జిమ్ములో చెప్పుకునే బీపీసీ-157కి ఎలుకల మీద ప్రయోగాలు ఉన్నాయి గానీ, మనుషుల మీద పెద్ద పరీక్షలు లేవు. నాకు భయం వేసేది అక్కడే.

మరి పెంచేదాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కొద్దిగా మార్చి అమైనోప్టెరిన్ చేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి: 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగు. తాత్కాలికమే, కానీ లుకేమియాలో అదే పెద్ద మలుపు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ వాడుతున్నారు.

ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు న్యూయార్క్‌లో నిద్రలోనే పోయారు. వయసు 53.