మైహరు వాద్యబృందము – ఉస్తాద్ అల్లాఉద్దీన్ ఖాన్

విద్య వంశమున కొక సొత్తా, లోకమునకు చెందిన ధనమా? తాన్‌సేనుని సంతతివారమని చెప్పుకొను సేనియా ఘరానావారు ధ్రుపదమును, బీన్ వాద్యమును ఇంటి నిక్షేపమువలె కాపాడుకొనుచు వచ్చిరి. కుమారునకు చెప్పిన మర్మము శిష్యునకు దక్కుట అరుదు. ఆ కోటలో కాలుపెట్టి, దక్కించుకొన్న విద్యను దిక్కులేని పిల్లలకు పంచిపెట్టిన మహనీయుడు ఉస్తాద్ అల్లాఉద్దీన్ ఖానుగారు.

తూర్పు వంగదేశమున బ్రాహ్మణబాడియా చెంతనున్న శివపురమను పల్లె వారి జన్మస్థానము. బాల్యముననే ఇల్లు విడిచి, జాత్రానాటకముల వారితో తిరిగి, కలకత్తా చేరి, నూలో గోపాలుని సన్నిధిని గాత్రమభ్యసించిరి. గురువు ప్లేగువలన మరణింపగా గాత్రమును విడిచి వాద్యములను చేపట్టిరి. వివేకానందస్వామి జ్ఞాతియగు అమృతలాల్ దత్తుగారివద్ద శిష్యులై, స్టార్ థియేటరులో వాయించి పొట్టపోసికొనిరి. గోవా దేశీయుడగు ఒక బ్యాండుమాస్టరువద్ద వయొలిన్ నేర్చిరి. పలువాద్యముల నొక్కత్రాట నడపు ఐరోపీయుల పద్ధతి వారికి పరిచయమైనది ఈ కాలముననే.

పిమ్మట సరోదుపై మోహముతో అహమ్మదలీ ఖానును, అటుతరువాత రాంపూరు ఆస్థాన బీన్ విద్వాంసుడగు వజీర్ ఖానును ఆశ్రయించిరి. ద్వారముకడనే త్రోసిపుచ్చగా, నవాబుగారి బండి కడ్డముపడి మొరపెట్టుకొనిరని చెప్పుదురు. నవాబుగారి మాటపై శిష్యత్వమైతే లభించెను గాని, విద్య లభించుటకు ఏండ్లు పట్టెను. అంతకాలమును పరిచర్యయే పాఠము.

ఇట్టి అనుభవము కలవాడు తానును పిసినారి కావచ్చును. ఖానుగారు కాలేదు.

వింధ్యప్రాంతమందలి మైహరు చిన్న సంస్థానము. మహారాజా బ్రిజ్‌నాథ్ సింగుగారు వారిని గురువుగా స్వీకరించి ఆస్థానమున నిలిపిరి. 1918లో ఇన్‌ఫ్లుయెంజా దేశమును ఊడ్చివేసినపుడు మైహరునందును తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలు వీధులపాలైరి. ఖానుగారు వారిని చేరదీసి వాద్యములను చేతికిచ్చిరి. స్వరమన నేమో యెరుగని బాలురు వారు. ఒకనికి సితారు, ఒకనికి ఎస్రాజు, ఒకనికి వయొలిన్, వేరొకనికి తబలా. ఇట్లు మైహరు వాద్యబృందము పుట్టెను. రాజుగారి ఆయుధశాలకు పనికిరాని తుపాకిగొట్టములను వేర్వేరు పొడవులకు కోయించి, వరుసగా పేర్చి, కర్రలతో మ్రోగించు నలతరంగమను వాద్యమును ఖానుగారే కల్పించిరి. పొట్టి గొట్టము హెచ్చుస్వరము, పొడుగు గొట్టము తగ్గుస్వరము పలుకును. ప్రాణములు తీయుటకు పోతపోసిన ఇనుము అనాథబాలుని చేత రాగము పాడినది!

మన సంగీతమునకు ప్రాణము ఒక్కని మనోధర్మము. పదిమంది కలసి వాయింపవలెనన్న ముందుగా కూర్చిన రచన తప్పదు. ఆలాపనలోని స్వేచ్ఛ కొంత తగ్గును. ఈ లోటు నిజమైనదే. అయినను ఖానుగారు పాశ్చాత్యవాద్యములను చేర్చుకొనియు ప్రధానముగా రాగతాళములనే పట్టుకొనిరి. సంస్థానాధీశులనేకులు విదేశపు బ్యాండులను పెట్టుకొని తెల్లదొరల పాటలకు మురియుచుండిన దినములలో ఇది చిన్న సాహసము కాదు.

వారి కోపము మాత్రము భయంకరము. శిష్యులను కొట్టెడివారు. కుమారుడు అలీ అక్బరు ఆ కఠినశిక్షకు తాళలేక యొకపరి ఇల్లు విడిచి పారిపోయెను. గురుభక్తి పేర దీనిని కొనియాడుట మాకు సమ్మతము కాదు. కాని ఆ యింటనే కుమార్తె అన్నపూర్ణ సుర్‌బహారు నేర్చినది. రవిశంకరు, పన్నాలాల్ ఘోషు, నిఖిల్ బెనర్జీ అచటనే తయారైరి. శిష్యుని కులమతములను వారడుగలేదు. నమాజు మానని ఆ ముసల్మాను మైహరు కొండపైనున్న శారదామాతను తల్లిగా కొలిచెడివారు. ఇందు వారికి వైరుధ్యమే తోచలేదు.

1948లో సంస్థానము విలీనమై రాజపోషణము పోయెను. ఖానుగారు మైహరును విడువక 1955లో సంగీతకళాశాలను స్థాపించిరి. 1958లో పద్మభూషణమును, 1971లో పద్మవిభూషణమును భారతప్రభుత్వ మొసగెను. 1972 సెప్టెంబరు 6వ తేదీన మైహరుననే కన్నుమూసిరి. వీధులనుండి ఏరి తెచ్చిన పిల్లలతో మొదలైన ఆ బృందము వారి తరువాతను నిలిచి, నూరేండ్లు దాటినది.