మీసాలున్న అమ్మ

గుజరాత్‌లోని భావనగర్‌లో ఒక ఉపాధ్యాయుడిని అందరూ ‘మీసాలున్న అమ్మ’ అని పిలిచేవారు. ఆయన పేరు గిజూభాయి బధేకా. ఆ పిలుపు వింటే మీకు నవ్వు రావచ్చు. కాని పంతులుగారంటే ముందుగా బెత్తమే గుర్తుకొచ్చే రోజులవి. ఆ రోజుల్లో మీసాలున్న ఒక పంతులుగారిని అమ్మ అని పిలిచారంటే అది చిన్న విషయం కాదు.

గిజూభాయి 1885 నవంబరు 15న సౌరాష్ట్రలోని చితల్ అనే ఊరిలో పుట్టారు. 1907లో బతుకుదెరువు కోసం తూర్పు ఆఫ్రికా వెళ్లారు. తిరిగి వచ్చాక బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి ప్లీడరు అయ్యారు. 1913లో ఆయనకు కొడుకు పుట్టాడు. వాడిని ఎలాంటి బడికి పంపాలి? ఈ ప్రశ్న ఆయనను వదల్లేదు. ఇటలీ దేశపు విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతి గురించి చదివారు. భయపెట్టకుండా, పిల్లవాడు తన చేతులతో పనిచేస్తూ తానే నేర్చుకునే పద్ధతి అది. చివరికి 1916లో నడుస్తున్న వృత్తిని వదిలి, భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరారు.

ఆ సంస్థను 1910లో నానాభాయి భట్ స్థాపించారు. ఆయనా కాలేజీ ఉద్యోగం వదులుకొని వచ్చినవారే. గిజూభాయి మొదట అక్కడ పెద్ద పిల్లల బడిలో పనిచేశారు. అప్పటికే ఆ పిల్లల అలవాట్లు, భయాలు గట్టిపడిపోయాయని ఆయన గమనించారు. చిన్న వయసు నుంచే మొదలుపెట్టాలని ఆయన అనుకున్నారు. సంస్థ ఆ మాట విన్నది. 1920లో చిన్న పిల్లల కోసం బాలమందిరం తెరిచారు. కొత్త ఆలోచన చెప్పిన ఉపాధ్యాయుడిని నిరుత్సాహపరచకుండా చోటిచ్చిన ఆ తోటివారిని కూడా మనం గుర్తుపెట్టుకోవాలి.

బాలమందిరంలో కొట్టడం లేదు, తిట్టడం లేదు. బహుమతుల ఆశ చూపడం కూడా లేదు. భయంతో నేర్చినా, ఆశతో నేర్చినా చదువు మీద ఇష్టం కలగదని గిజూభాయి నమ్మకం. మాంటిస్సోరి చెప్పినదాన్ని ఆయన ఉన్నది ఉన్నట్టు దించుకోలేదు. మన పల్లెల కథలు, పాటలు, నాటకాలు అందులో కలిపారు. పిల్లలకు కథ ఎలా చెప్పాలో వివరిస్తూ ఒక పెద్ద పుస్తకమే రాశారు.

1923లో తారాబాయి మోడక్ ఆయనతో కలిశారు. ఆమె అంతకుముందు రాజ్‌కోట్‌లో స్త్రీల శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాల్. అంత పదవి వదిలి పసిపిల్లల బడికి రావడం ఆ రోజుల్లో చాలామందికి వింతగానే తోచి ఉంటుంది. తమకు తెలిసినది తమ బడిలోనే దాచుకోవడం ఈ ఇద్దరికీ నచ్చలేదు. 1925 నుంచి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1926లో నూతన బాలశిక్షణ సంఘం స్థాపించారు. ‘శిక్షణ పత్రిక’ అనే పత్రిక నడిపారు. ఒక బడిలో ఫలించిన పద్ధతి మరో బడికి చేరడానికి ఇవన్నీ దారులయ్యాయి.

తోటి ఉపాధ్యాయులతో వచ్చే చిక్కులు గిజూభాయికి బాగా తెలుసు. ఆయన రాసిన ‘దివాస్వప్న’ పుస్తకంలో ఒక ఉపాధ్యాయుడు నాలుగో తరగతిలో కొత్త పద్ధతులు ప్రయత్నిస్తాడు. మొదటి రోజే పిల్లలు గోలచేస్తారు, అతని పథకం పారదు. మర్నాడు కథ మొదలుపెడతాడు. విడివిడిగా పాఠ్యపుస్తకాలు కొనడం మాని, ఆ డబ్బుతో తరగతికి గ్రంథాలయం పెడదామంటాడు. తల్లిదండ్రులు ఒప్పుకోరు. పక్క తరగతులవారు గోల ఎక్కువైందని ఫిర్యాదు చేస్తారు, నవ్వుతారు. గిజూభాయి వారిని దుర్మార్గులుగా చూపలేదు. చాలని జీతం, పరీక్షల ఒత్తిడి, పైఅధికారి భయం వారిని అలా చేశాయని చదివేవారికి అర్థమవుతుంది. నా దృష్టిలో ఆ పుస్తకంలో మేలైన భాగం ఇదే. ఇది తెలుగులో ‘పగటి కల’ పేరుతో దొరుకుతుంది.

1936లో గిజూభాయి దక్షిణామూర్తిని విడిచారు. 1938లో రాజ్‌కోట్‌లో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలుపెట్టారు. అది నిలదొక్కుకునేలోపే, 1939 జూన్ 23న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు.

పని ఆగలేదు. 1945లో తారాబాయి మహారాష్ట్ర తీరంలోని బోర్డీ అనే పల్లెకు వెళ్లారు. అనుతాయి వాఘ్ అనే యువ ఉపాధ్యాయిని ఆమెకు తోడయ్యారు. పేద పిల్లలు బడికి రాలేదు. అప్పుడు వారే పిల్లలున్న వాడలకు వెళ్లి, ఇళ్ల ముంగిట్లో బడి పెట్టారు. తరవాత కోస్‌బాడ్ కొండ దగ్గర, పశువులు కాసే ఆదివాసీ పిల్లల కోసం పచ్చికబయలులోనే పాఠాలు చెప్పారు. ముంగిట్లో నడిచిన ఆ బడికి తారాబాయి పెట్టిన పేరు అంగన్‌వాడీ. 1975లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా పసిపిల్లల పథకం ప్రారంభించినప్పుడు ఆ కేంద్రాలకు అదే పేరు వచ్చింది. మీ ఊరిలో ఉన్న అంగన్‌వాడీ కూడా వాటిలో ఒకటే.