సవరలకు శిష్యులైన గిడుగు రామమూర్తి పంతులుగారు

లిపి గల జాతి తన పెద్దల మాటలను తాళపత్రములందు దాచుకొనును. లిపి లేని జాతికి వృద్ధుల కంఠమే గ్రంథాలయము. ఒక్కొక్క వృద్ధుడు గతించినప్పుడెల్ల ఆ నిధిలో కొంత నశించును. అట్టి నిధిని కాపాడుటకై జీవితమును ధారవోసిన మహనీయులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

వీరు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపముననున్న పర్వతాలపేటలో జన్మించిరి. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా ప్రవేశించి, ముఖలింగాలయ శాసనములను స్వయంకృషిచే చదివి పరిశోధించిరి.

ఆ ప్రాంతపు కొండలలో నివసించు సవరల భాషకు నాడు లిపి లేదు, వ్యాకరణము లేదు. పండితులు దానిని భాషగా గణింపనే లేదు. పంతులుగారు గురుత్వమును ప్రక్కకు నెట్టి, సవరలకు తామే శిష్యులై వారి పలుకులను, పాటలను, కథలను సేకరించిరి. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను వలన వారికి చెవుడు సంప్రాప్తించెను. వినుటయే సాధనముగా గల పనిలో వినికిడినే కోల్పోయియు వారు విరమింపలేదు. తెలుగు లిపిలో సవర వాచకములను రచించి, సవర బాలుర చదువునకై పాటుపడిరి. 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి.

గ్రాంథిక భాషపై పంతులుగారు సాగించిన వాదము సంస్కృతాభ్యాసము చేసిన నాబోటివారికి చిరకాలము చేదుగానుండెను. వారి సవరకృషిని తెలిసికొనిన పిదప ఆ చేదు విఱిగినది. జనుల నోటి మాటను గౌరవించుటయే ఆ రెండు కార్యములకును మూలము.

1936లో ఒరిస్సాయందలి సవరలలోనే మంగేయి గొమాంగో అను నాయన తమ భాషకు స్వంత లిపిని కల్పించెను. పరులు వ్రాసి కాపాడుట మేలు. తమ సొత్తును తామే వ్రాసికొనుట అంతకన్న మేలు. పంతులుగారు 1940 జనవరి 22వ తేదీన కీర్తిశేషులైరి.

సంఘ బంధువులారా! మన వృద్ధుల వృత్తిపదములు, పెండ్లిపాటలు, చెట్టుచేమల పేర్లు నేటికిని వారి నోటనే యున్నవి. రాబోవు మహాసభ నాటికి ఇంటికొక పుస్తకమైన నింపుదము. అదియే పంతులుగారికి నిజమైన తర్పణము.