తొరపల్లి బిడ్డ, పుదుపాళయం ఖద్దరు

ప్రతి సంచికలోనూ మన నేత పెద్దల జీవితాలు రాసుకుంటున్నాం. ఈసారి నేత కులంలో పుట్టనివాడు, మగ్గం గుంటలో కూర్చుని బతుకు వెళ్లదీయనివాడు ఒకాయన గురించి రాస్తున్నాం. ఆయన మనవాడా కాదా అన్న వాదన మనలో ఇప్పటికీ ఉంది. ఉండనివ్వండి. చక్రవర్తి రాజగోపాలాచారి, అందరి నోటా రాజాజీ. నల్ల కళ్ళద్దాలు, తెల్ల ఖద్దరు పంచె, చేతికర్ర ఉన్న ఆయన బొమ్మ మన ప్రాంతంలో చాలా ఇళ్ళ గోడల మీద ఉండేది.

ఆయన పుట్టింది 1878 డిసెంబర్ 10న, హోసూరు దగ్గర తొరపల్లిలో. నాన్న వెంకటార్య అయ్యంగార్ ఆ ఊరికి మునసబు. అప్పుడది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడ్డాక తొరపల్లి మన జిల్లాలోకి వచ్చింది, 2004లో కృష్ణగిరి జిల్లా విడిపోయాక అటు వెళ్లిపోయింది. అంటే దాదాపు నలభై ఏళ్ళు కాగితం మీద కూడా ఆయన ధర్మపురి మనిషే. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే వీధిలో వినబడే సీమ అది. హోసూరు బడి, బెంగళూరు కాలేజీ, మద్రాసులో లా చదువు అయ్యాక 1900లో సేలంలో వకీలుగా కూర్చున్నారు. పేరొచ్చింది, డబ్బొచ్చింది. 1917లో సేలం మునిసిపాలిటీకి ఛైర్మన్ కూడా అయ్యారు. భార్య అలమేలు మంగమ్మ చిన్న వయసులోనే పోయారు. అయిదుగురు పిల్లలతో మిగిలిన మనిషి మళ్ళీ పెళ్ళి మాట ఎత్తలేదు.

గాంధీగారు పిలిచాక వకీలు పని వదిలేశారు, జైలుకెళ్ళారు. ఆ కథ అందరికీ తెలిసిందే, పుస్తకాల్లో ఉంది. మనకు కావలసిన కథ 1925 ఫిబ్రవరిలో మొదలవుతుంది.

తిరుచ్చెంగోడు దగ్గర పుదుపాళయం అనే పల్లె. అక్కడి జమీందారు ఇచ్చిన భూమిలో నాలుగు పూరిపాకలు వేసుకుని రాజాజీ గాంధీ ఆశ్రమం పెట్టారు. సేలంలో పెద్ద ఇల్లు విడిచి పిల్లలతో వచ్చి ఒక పాకలో కాపురమున్నారు. వానలు లేక చుట్టుపక్కల పల్లెలు ఎండిపోయి ఉన్న రోజులు. పొలంలో పని లేదు, ఇంట్లో గింజ లేదు. ఆశ్రమం చేసిన పని చెప్పడానికి చిన్నదే: ఆడవాళ్ళకు దూది ఇచ్చింది, వాళ్ళు రాట్నం మీద వడికి తెచ్చిన నూలు తూకం వేసి చేతిలో కూలి పెట్టింది. ఆ నూలు చుట్టుపక్కల నేతగాళ్ళకు వెళ్ళింది. నేసిన గుడ్డ మళ్ళీ ఆశ్రమానికే వచ్చింది, రంగులద్ది అమ్మారు. దూది ఎవరి చేతిలో నూలైందో, నూలు ఎవరి మగ్గం మీద గుడ్డైందో, కొన్నవాడి డబ్బులో ఎవరికెంత చేరిందో లెక్క పుస్తకం చూస్తే తెలిసిపోయేది.

ఇప్పుడు పట్నాల్లో చిన్న చిన్న బట్టల కంపెనీలు తమ పేరుతో చీటీ కుట్టి, ఈ బట్ట ఫలానా ఊళ్ళో, న్యాయమైన కూలి ఇచ్చి నేయించాం అని అమ్ముతున్నాయి. కొత్త ఆలోచన అనుకుంటాం. మన పక్కన తిరుచ్చెంగోడులో నూరేళ్ళ కిందటే ఇదంతా నడిచింది. చీటీ కుట్టలేదు, అంతే.

పని సులువుగా నడిచిందని అనుకోకండి. చేతినూలుతో మగ్గం నడిపినవాళ్ళకు ఆ బాధ తెలుసు. ఒక చోట లావు, ఒక చోట సన్నం. గంజి ఎంత బాగా పట్టించినా పడుగులో పోగులు తెగుతూనే ఉంటాయి, అతుక్కోవడంతోనే సగం పొద్దు పోతుంది. మిల్లు నూలుతో రెండు పంచెలు దిగే సమయానికి చేతినూలుతో ఒకటి దిగితే గొప్ప. మరి ఆ నేతగాడికి కూలి ఎక్కువ ఇవ్వాలి కదా? ఇస్తే గుడ్డ ధర పెరుగుతుంది. ధర పెరిగితే కొనేవాడు మిల్లు గుడ్డ వైపు చూస్తాడు. ఖద్దరు పనిలో ఉన్న ప్రతివాడినీ తిప్పలు పెట్టిన చిక్కుముడి ఇదే. 1935లో అఖిల భారత చరఖా సంఘం చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది: గుడ్డ ధర పెరిగినా సరే, వడికే ఆడవాళ్ళ కూలి పెంచాలని. కొనేవాడి సౌకర్యం కన్నా చేసేవాడి అన్నం ముందు అని ఒక పెద్ద సంస్థ ఒప్పుకున్న సందర్భాలు చరిత్రలో ఎక్కువ లేవు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆశ్రమంలో దళితులు అందరితో కలిసి ఉన్నారు, కలిసి తిన్నారు. చుట్టుపక్కల పెద్ద కులాలవాళ్ళకు ఇది కంటగింపు అయింది. రాజాజీ వెనక్కి తగ్గలేదు. కల్లు మానిపించే పని కూడా అక్కడినుంచే సాగింది. సారా అంగడికి పోయే కూలి డబ్బు ఇంటికి చేరితేనే వడికినందుకు ఫలితం అన్నది ఆయన లెక్క. కల్కి కృష్ణమూర్తి ఆశ్రమంలో ఉండి ఆ పని కోసం పత్రిక నడపడంలో సాయపడ్డారు. 1937లో మద్రాసు ప్రధాని అయ్యాక రాజాజీ మద్యనిషేధం మొదలుపెట్టింది కూడా సేలం జిల్లాలోనే.

ఆ తర్వాత పదవులు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. బెంగాల్ గవర్నరు, 1948లో దేశానికి గవర్నర్ జనరల్, కేంద్రంలో హోం మంత్రి. అవి వదిలేసి 1952కు వద్దాం. డెబ్బై మూడేళ్ళ వయసులో ఆయన మళ్ళీ మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. మన తాతల కాలంలో ఆ ఏడాది గుర్తున్నవాళ్ళు దాన్ని ఆకలి ఏడాది అనే చెప్పేవారు. కొరియా యుద్ధం వేడికి పెరిగిన బట్టల ధరలు ఒక్కసారి పడిపోయాయి. నేసిన పంచెలు, చీరలు ఇళ్ళలో, సంఘాల గిడ్డంగుల్లో గుట్టలు పడ్డాయి. సేలం నుంచి చీరాల దాకా మగ్గాలు ఆగిపోయాయి. అప్పటికింకా ఆంధ్ర విడిపోలేదు కాబట్టి అందరి మొరా మద్రాసు చేరాల్సిందే. ఎన్.జి. రంగా, ప్రగడ కోటయ్య వంటి తెలుగు నాయకులు చేనేత తరఫున గట్టిగా నిలబడ్డారు.

రాజాజీ కేంద్రాన్ని అడిగింది సూటిగా ఉంది. పంచెలు, చీరలు నేయడం మిల్లులు మానుకోవాలి, అవి చేమగ్గానికే వదిలెయ్యాలి. మిల్లు యజమానులు భగ్గుమన్నారు. ఢిల్లీలో కూడా అందరికీ రుచించలేదు. ఆయన అడిగినంత దక్కలేదు గానీ కొంత దక్కింది. 1952 చివర్లో మిల్లుల పంచెల ఉత్పత్తిని అంతకుముందు నేసినదాంట్లో 60 శాతానికి కట్టడి చేశారు. 1953లో మిల్లు గుడ్డ మీద గజానికి అణాలో నాలుగో వంతు సెస్సు వేసి ఆ డబ్బు ఖాదీకి, చేనేతకు మళ్ళించే చట్టం వచ్చింది. పండగలకు కో-ఆప్టెక్స్ దుకాణాల్లో మనం ఎరిగిన రిబేటుకు మూలం అక్కడుంది. కొన్ని రకాలు చేమగ్గానికే అని పూర్తి చట్టం వచ్చేసరికి 1985 అయింది, రాజాజీ పోయి పదమూడేళ్ళు. ఆ చట్టం కింద మొదట 22 రకాలు ఉంటే తర్వాత 11కు కుదించారు. అమలు సంగతి మీకు మేము చెప్పనక్కర్లేదు. పవర్‌లూమ్ చీరను చేనేత అని అమ్మే దుకాణం మన బస్టాండు దాటకుండానే కనిపిస్తుంది.

ఇంతవరకూ మనం ఆయనకు దండం పెట్టొచ్చు. ఇక మనకు మింగుడుపడని సంగతి. 1952 డిసెంబర్‌లో పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో ప్రాణం విడిచినప్పుడు ముఖ్యమంత్రి ఈయనే. తెలుగువాళ్ళలో ఆ కోపం చాలాకాలం ఆరలేదు. అంతకన్నా నేత ఇళ్ళకు నేరుగా తగిలింది 1953లో ఆయన తెచ్చిన బడి పథకం. పల్లెటూరి ప్రాథమిక బడి రోజుకు మూడు గంటలే, మిగతా పూట పిల్లలు ఇంటి పని, తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. బడులు చాలవు, పంతుళ్ళు చాలరు, రెండు పూటలుగా నడిపితే ఎక్కువమంది పిల్లలు చదువుతారు అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. పెరియార్, ద్రావిడ ఉద్యమం వాళ్ళు దీనికి కుల విద్య పథకం అని పేరు పెట్టి వీధిలోకి వచ్చారు.

వాళ్ళ మాటే మనకు సబబుగా తోస్తుంది. మన ఇళ్ళలో బడి వదిలాక పిల్ల ఎలాగూ కండెలు చుడుతూనే ఉంది, పిల్లాడు ఆసు పోస్తూనే ఉన్నాడు. దాన్ని సర్కారే పాఠంగా చేస్తే, బ్రాహ్మణుల పిల్లవాడు ఇంట్లో పుస్తకం పడతాడు, సాలెవాడి కొడుకు చేతికి నాడె వస్తుంది. మగ్గాన్ని కాపాడాలనుకున్న మనిషే మగ్గం దగ్గర పుట్టినవాడు అక్కడే ఉండాలన్నట్టు నడిచారు. ఆయన ఉద్దేశం అది కాదనేవాళ్ళూ మనలో ఉన్నారు. ఉద్దేశం ఏదైనా, పల్లె బడిలో జరగబోయింది అది. పార్టీలోనే ఎదురుగాలి లేచింది. 1954 ఏప్రిల్‌లో రాజాజీ దిగిపోయారు, కామరాజ్ వచ్చి పథకాన్ని తీసేశారు. ఆ తర్వాత మన ఇళ్ళనుంచి టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు వచ్చారు. ఇప్పుడు మగ్గం మీద కూర్చునే కుర్రాళ్ళు తగ్గారని మనమే బాధపడుతున్నాం. ఆ బాధకు మందు పిల్లల చదువు తగ్గించడంలో లేదు. కూలి గిట్టుబాటైతే చదువుకున్నవాడు కూడా మగ్గం వైపు చూస్తాడు.

అలా చూసినవాళ్ళు మన జిల్లాలోనే ఉన్నారు. హరూరు అవతల సిట్టిలింగి లోయలో లంబాడీ తండాలున్నాయి. వాళ్ళ ఎంబ్రాయిడరీ దాదాపు మాయమైపోయి, ఒకరిద్దరు ముసలమ్మల వేళ్ళలో మిగిలిన దశలో 2006 నాటికి ఆ ఆడవాళ్ళు పోర్గై అనే సంఘంగా కూడారు. లంబాడీ మాటలో పోర్గై అంటే గర్వం. పని కోసం తిరుప్పూరు బస్సెక్కే బదులు ఊళ్ళోనే కుట్టి, సొంత పేరుతో అమ్ముతున్నారు. మన సంఘాలు ఒకసారి వెళ్ళి వాళ్ళ లెక్కలు, ధరలు పెట్టే పద్ధతి చూసి రావడం మంచిది. మనకైతే 2006లోనే చేనేత గుర్తు వచ్చింది, 2015లో ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండు వచ్చింది. ఆ చీటీ మీద ఊరి పేరు రాసుకునేది మనమే.

రాజాజీ కాంగ్రెస్ విడిచి 1959లో స్వతంత్ర పార్టీ పెట్టారు. దానికి అధ్యక్షుడు మన రంగాగారే. రామాయణ, భారతాలు అందరికీ అర్థమయ్యేలా రాశారు, 1954లో భారతరత్న అందుకున్నారు. 1972 డిసెంబర్ 25న మద్రాసులో కన్నుమూశారు, తొంభై నాలుగేళ్ళు నిండాక. చివరిదాకా ఒంటిమీద ఖద్దరే. తొరపల్లిలో ఆయన పుట్టిన ఇంటిని స్మారకంగా ఉంచారు. పుదుపాళయంలో ఆశ్రమం ఇంకా నడుస్తోంది.