నెర్న్‌స్టు పండితుడు

చెన్నపురిలోని తెలుగువారికి బరంపురము పరాయి ఊరు కాదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా వేఱు రాష్ట్రమగువఱకు ఆ ప్రాంతము చెన్నరాజధానిలోనిదే. బరంపురపు శివారున హల్దియాపదర్ చెంత రాజమార్గమున పోవు బస్సులకును, లారీలకును సీసపు బ్యాటరీయే ఆధారము. అందలి గంధకికామ్లము పలుచనగుకొలది వోల్టేజి తగ్గును. నిండుగానున్నపుడు ఒక్కొక్క ఘటమునకు సుమారు 2.1 వోల్టులుండును, శక్తి ఖర్చయిపోవుసరికి 1.9 వోల్టుల చేరువకు దిగును. ఈ తగ్గుదలను లెక్కించు సూత్రము నొసగినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు వాల్టర్ నెర్న్‌స్టు. ఆయన చరిత్రలో కీర్తియు కలదు, హెచ్చరికయు కలదు. రెండింటిని మన విద్యాధికులు తెలిసికొనదగునని మా అభిప్రాయము.

ఆయన 1864 జూను 25న పశ్చిమ ప్రష్యాలోని బ్రీజెన్ పట్టణమున ఒక న్యాయాధిపతి కుమారుడుగా జన్మించెను. పలు విశ్వవిద్యాలయములలో చదివి, 1887లో లైప్‌జిగ్ నగరమున ఆస్ట్వాల్డు ఆచార్యునికి సహాయకుడయ్యెను. వోల్టా 1800లో తొలి బ్యాటరీని ప్రకటించియుండెను. డేనియల్ 1836లో జింకు, రాగి లోహములతో ఘటము నిర్మించియుండెను. ఆ ఘటము సుమారు 1.1 వోల్టుల నిచ్చునని అందఱును ఎఱుగుదురు. ఎందుకిచ్చుననునది మాత్రము వివాదగ్రస్తముగనే యుండెను.

1889లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, నెర్న్‌స్టు ఆ చిక్కును విప్పెను. లోహము ద్రావణములో కరగ యత్నించును. ద్రావణములోని అయానులు మరల లోహముపై చేర యత్నించును. ఈ రెండింటి పెనగులాట తుల్యమైనచోట ఏర్పడునదే ఎలక్ట్రోడు పొటెన్షియలు. కావున అది లోహస్వభావముపైననే గాక, లోహము నిలిచిన ద్రావణపు గాఢతపైనను ఆధారపడును. జింకు లవణపు గాఢత పదిరెట్లు మాఱినచో జింకు పొటెన్షియలు సాధారణోష్ణమున సుమారు 0.03 వోల్టు మాఱును. ఒంటరి ఎలక్ట్రోడును కొలువరాదు. మఱియొకదానితో పోల్చియే కొలువవలెను. అందులకు హైడ్రోజను ఎలక్ట్రోడును సున్నగా గ్రహించు ఆచారమునకును ఆయనయే కారకుడు.

పిమ్మట గాటింగెన్ నగరమున ఆచార్యుడై, 1895లో భౌతిక రసాయన, విద్యుద్రసాయన శాస్త్రములకు ప్రత్యేక పరిశోధనాలయమును నెలకొల్పెను. జిర్కోనియము మున్నగువాని ఆక్సైడులతో చేసిన కడ్డీ వెలుగు దీపమును కల్పించి, దాని హక్కులను పది లక్షల మార్కులకు అమ్మెను. గంజాం జిల్లా ఛత్రపురము కడలి యిసుకనుండి తీయు జిర్కను ఖనిజమున కలది ఈ జిర్కోనియమే.

గాటింగెన్ పరిశోధనలలో మఱియొకటి గంజాం వారికి ఇంకను దగ్గఱిది. ఉప్పునీటిలో విద్యుత్తును ప్రసరింపజేసినచో సోడియము కంటె హైడ్రోజనే ముందు వెలువడవలెను. ఏలయన సోడియపు ప్రమాణ పొటెన్షియలు మైనస్ 2.71 వోల్టులు. అయితే పాదరసముపై హైడ్రోజను వెలువడుటకు అధికమైన వోల్టేజి కావలెనని కాస్పరి 1899లో చూపెను. అంతట సోడియమే ముందుగా పాదరసమున కలియును. ఆ మిశ్రమమునకు నీరు తగిలినచో కాస్టిక్ సోడా లభించును. 1890ల దశకముననే పరిశ్రమకెక్కిన పాదరస ఘటముల మర్మమిదియే.

గంజాం పట్టణము చేరువ, ఋషికుల్యానది సముద్రమున కలియు తావున, 20వ శతాబ్ది ఉత్తరార్ధమున నెలకొన్న కాస్టిక్ సోడా కర్మాగారమున ఇట్టి ఘటములే పనిచేసినవి. దాని వ్యర్థములనుండి పాదరసము పరిసరములలో చేరుటను బరంపురము విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి ప్రకటించిరి. పాదరసమక్కఱలేని పొర ఘటములు అటుపిమ్మట దేశమున వ్యాపించినవి.

నెర్న్‌స్టు 1905లో బెర్లిను చేరి, మఱుసటి యేట ఉష్ణసిద్ధాంతమును ప్రకటించెను. 1920వ సంవత్సరపు నోబెల్ బహుమానము ఆయనకు లభించెను. కాని ఆ నడుమ యుద్ధము వచ్చెను. మోటారుబండ్లపై మిక్కిలి మక్కువ కల ఆయన 1914లో, ఏబదియవ యేట, స్వచ్ఛందముగా సైన్యపు వాహనచోదకుడయ్యెను. అంతతో ఆగక, శత్రువుల కన్నులను ముక్కులను బాధించు రసాయన గుండ్ల తయారికి తన విద్యను వినియోగించెను. ఆయన యిరువురు కుమారులును ఆ యుద్ధముననే హతులైరి. ఇద్దఱు కుమార్తెలు యూదులను వివాహమాడిరి. నాజీల పాలనలో వారు దేశాంతరము పోవలసివచ్చెను. ఆ పాలనను సహింపలేక వృద్ధుడు 1933లో ఉద్యోగము విరమించి జీబెల్ గ్రామపు తన క్షేత్రమున కేగెను. అచటనే 1941 నవంబరు 18న మరణించెను.

ఆయన సూత్రము ఏ క్రియ ఏ దిక్కునకు ఎంత బలముతో సాగునో తప్పక చెప్పును. ఆ బలము నెవరు వినియోగింతురో, దాని వ్యర్థము ఏ జాలరి వలలోనికి పోవునో చెప్పదు. అది చెప్పవలసినవారు కర్మాగారములకు అనుమతుల నొసగు అధికారులు, యంత్రములను నిర్మించు ఇంజనీర్లు, వ్యాధులను గుర్తించు వైద్యులు, చట్టములను వ్యాఖ్యానించు న్యాయవాదులు. మన పాఠకులలో ఈ వృత్తులవారే పెక్కుమంది. గంజాం తీరపు పాదరసము వ్యాపించిన పిమ్మట పరిశోధకుల లెక్కకు వచ్చినది. కర్మాగారపు పునాది పడకముందే లెక్కకు రావలసియుండెను. ఇకపై నెలకొల్పు ప్రతి రసాయన పరిశ్రమ విషయమునను ఈ విచారణ ముందుగనే జరుగవలెనని మేము కోరుచున్నాము.